పాత గుర్రాలు, కొత్త పరుగు

మజిల్ కార్లకు మళ్లీ ప్రాణం పోసి అమెరికా కంపెనీలు ఇరవై ఏళ్లు సొమ్ము చేసుకున్నాయి. పాత రూపం, పాత గర్జన తిరిగొచ్చాయి. పాత ధర, పాత ఉద్యోగాలు మాత్రం రాలేదు

2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ (జీఎం) దివాలా రక్షణ కోరుతూ న్యూయార్క్‌లో కోర్టు మెట్లెక్కాయి. అమెరికా పరిశ్రమకు అంతకు మించిన అవమానం లేదని పత్రికలు రాస్తున్న ఆ వారాల్లోనే ఒక విచిత్రం జరిగింది. జీఎం షోరూముల్లోకి షెవర్లే కమారో అనే కారు వచ్చింది. ఏడేళ్ల కిందటే ఉత్పత్తి నిలిచిపోయిన పేరు అది. కొత్త కారు ముఖం మాత్రం 1969 నాటి మోడల్‌ను తలపించేది. పెట్రోలు ధరలు చుక్కలంటి ఏడాది కూడా కాలేదు, ఉద్యోగాలు ఊడుతున్నాయి, బ్యాంకులు అప్పులివ్వడం లేదు. అయినా జనం దాన్ని కొన్నారు. ఆ వేసవిలోనే అది నెలవారీ అమ్మకాల్లో తన చిరకాల ప్రత్యర్థి ఫోర్డ్ మస్టాంగ్‌ను దాటేసింది.

దానికి మించిన విచిత్రం ప్రభుత్వం వైపు నుంచి జరిగింది. 2009 మే 19న అధ్యక్షుడు బరాక్ ఒబామా 2016 నాటికి కొత్త వాహనాలు సగటున గ్యాలన్‌కు 35.5 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 15 కిలోమీటర్లు ఇవ్వాలని కొత్త లక్ష్యం ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే, జూలై 10న దివాలా నుంచి బయటపడిన కొత్త జీఎంలో దాదాపు 61 శాతం వాటా అమెరికా ఖజానా చేతికొచ్చింది. అంటే పొదుపుగా నడిచే కార్లు చేయాలని ఒక చేత్తో ఆదేశిస్తున్న ప్రభుత్వమే మరో చేత్తో 426 హార్స్‌పవర్ కమారోను అమ్మే కంపెనీకి యజమాని అయింది. మజిల్ కార్ల పునరాగమనం ఎంత చిక్కుముడి వ్యవహారమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నిబంధనల సందులోంచి పుట్టిన కారు

మజిల్ కారు అంటే కండలు తిరిగిన కారు. మధ్యతరగతి కుటుంబం కొనుక్కునే మామూలు కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజన్‌ను కుక్కితే వచ్చేది. ఖరీదైన యూరప్ స్పోర్ట్స్ కార్లకు అమెరికా ఇచ్చిన చౌక జవాబు అది. మలుపుల్లో ఒడుపుగా తిరగకపోయినా ఫర్వాలేదు. సిగ్నల్ పచ్చబడగానే పక్క కారును వెనక్కి నెట్టేస్తే చాలు.

దీని పుట్టుక కూడా నాటకీయమే. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపుటంగుళాల (5.4 లీటర్లు) కంటే పెద్ద ఇంజన్ పెట్టకూడదని జీఎం యాజమాన్యం నియమం పెట్టుకుంది. దాని విభాగమైన పాంటియాక్‌లో ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన సహచరులు ఆ నియమంలో సందు కనిపెట్టారు. కొత్త మోడల్ అయితే పైవారి అనుమతి కావాలి. ఉన్న మోడల్‌కే అదనపు హంగుగా పెద్ద ఇంజన్ ఇస్తే? అలా 1964 మోడల్ సంవత్సరానికి పాంటియాక్ టెంపెస్ట్‌లో 389 ఘనపుటంగుళాల (6.4 లీటర్లు) వీ8 ఇంజన్ దూర్చారు. ఫెరారీ నుంచి అరువు తెచ్చుకుని దానికి జీటీవో అని పేరు పెట్టారు. 5 వేలు అమ్ముడైతే గొప్పనుకుంటే 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. నియమం పెట్టిన పెద్దలు నోరెత్తలేదు.

అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ ఆవిష్కరణ జరిగింది. మస్టాంగ్ అంటే అడవి గుర్రం. ఇలాంటి చిన్న, చురుకైన కార్లను 'పోనీ కార్లు' అనాలని, మజిల్ కార్లతో కలపకూడదని ఛాందసులు వాదిస్తారు. జనం ఆ తేడా పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. ఫోర్డ్‌లో లీ అయకోకా బృందం లెక్క సూటిగా ఉంది. యుద్ధానంతరం 1946 నుంచి పుట్టిన పిల్లలు 18 ఏళ్ల వాళ్లవుతున్నారు, వాళ్ల చేతికి మొదటి జీతం వస్తోంది, తండ్రి నడిపే కారు వాళ్లకు వద్దు. అందుకే ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబ కారు అస్థిపంజరం మీద సొగసైన ఒళ్లు కప్పి 2,368 డాలర్లకు అమ్మారు. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు, మొదటి ఏడాదిలో 4 లక్షలకు పైగా అమ్మకాలు. 1966 మోడల్ ఒక్కటే 6 లక్షలు దాటింది.

తర్వాత తిరునాళ్లే. 1966లో డాడ్జ్ ఛార్జర్, 1967 మోడల్‌గా కమారో, 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్, 1970లో డాడ్జ్ ఛాలెంజర్. క్రైస్లర్ తన 426 ఘనపుటంగుళాల హెమీ ఇంజన్‌ను రేసు మైదానం నుంచి తెచ్చి వీధి కార్లలో పెట్టింది. 1968లో 'బుల్లిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల్లో నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ కారును సినిమా తారను చేసింది. ఆ సినిమాలో వాడిన అసలు కారు 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో 34 లక్షల డాలర్ల పాట పలికింది.

పదేళ్లు కాకముందే తెర

ఈ సంబరం పదేళ్లు కూడా నిలవలేదు. చాలామంది అనుకున్నట్టు దాన్ని చంపింది చమురు సంక్షోభం ఒక్కటే కాదు. మొదటి దెబ్బ బీమా కంపెనీలు కొట్టాయి. కుర్రాడు, పెద్ద ఇంజన్ అనే జోడీ కనిపించగానే ప్రీమియం బాదడం మొదలెట్టాయి. రెండో దెబ్బ 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం. పొగ తగ్గించాలి, సీసం లేని పెట్రోలుకు సిద్ధం కావాలి కాబట్టి ఇంజన్ల కంప్రెషన్ దించారు, శక్తి పడిపోయింది. 1972 నుంచి హార్స్‌పవర్ లెక్కించే పద్ధతి కూడా మారింది. అంతకుముందు ఇంజన్‌ను ఒంటరిగా బల్ల మీద పెట్టి కొలిచేవారు. ఇప్పుడు సైలెన్సర్, ఫ్యాన్ వంటివన్నీ తగిలించి కొలవాల్సొచ్చింది. కాగితం మీది కండలు రాత్రికి రాత్రే కరిగిపోయాయి.

మూడో దెబ్బ 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాల చమురు నిషేధం. పెట్రోలు బంకుల ముందు క్యూలు, ఆ వెనుకే దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగ పరిమితి. 1974 మోడళ్లతో జీటీవో, ఛాలెంజర్ చరిత్రలో కలిసిపోయాయి. అదే ఏడాది వచ్చిన మస్టాంగ్-2లో వీ8 ఇంజనే లేదు. నూరు హార్స్‌పవర్ కూడా లేని 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో అది బండి లాగించింది. 1978 మోడల్ నుంచి సగటు ఇంధన సామర్థ్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మస్టాంగ్ ఏదో ఒక రూపంలో బతుకుతూనే వచ్చింది. కమారో మాత్రం 2002లో కెనడాలోని క్యూబెక్ ఫ్యాక్టరీతోపాటే మూతపడింది.

గతం అనే ముడిసరుకు

కొత్త శతాబ్దం వచ్చేసరికి డెట్రాయిట్ కంపెనీల పరిస్థితి ఏమంత బాగాలేదు. నమ్మకమైన సెడాన్లంటే టయోటా, హోండా అనే పేరు స్థిరపడింది. లాభాలన్నీ ట్రక్కులు, ఎస్‌యూవీల మీదే. జపాన్ కంపెనీలు కాపీ కొట్టలేనిది డెట్రాయిట్ దగ్గర ఒక్కటే మిగిలింది. అది జ్ఞాపకం. 1964లో 18 ఏళ్ల కుర్రాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గరవుతున్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంటి అప్పు తీరింది, గ్యారేజీలో ఖాళీ ఉంది, చేతిలో డబ్బుంది. అప్పట్లో కొనలేకపోయిన కారో, పెళ్లయ్యాక అమ్మేసిన కారో ఇంకా కళ్లలో మెదులుతోంది.

అయితే జ్ఞాపకాన్ని అమ్మడం అనుకున్నంత సులువు కాదని రెండు ప్రయోగాలు తేల్చాయి. 2002 మోడల్‌గా ఫోర్డ్ పాత థండర్‌బర్డ్‌ను తిరిగి తెచ్చింది. మొదట్లో ఎగబడిన జనం త్వరగానే చల్లబడటంతో 2005తో ఆపేసింది. 2004లో జీఎం జీటీవో పేరును బయటికి తీసింది. ఆస్ట్రేలియాలోని తన సంస్థ హోల్డెన్ తయారుచేసే మొనారో కారుకే పాంటియాక్ బిళ్ల తగిలించి ఓడెక్కించింది. ఇంజన్ బ్రహ్మాండం, నడక బ్రహ్మాండం. చూడటానికి మాత్రం ఆఫీసు గుమస్తా కారులా ఉందని అభిమానులు పెదవి విరిచారు. ధరేమో 30 వేల డాలర్ల పైమాట. మూడేళ్లలో 40 వేలకు కాస్త ఎక్కువ అమ్ముడై అటకెక్కింది. మొదటి ప్రయోగంలో రూపం ఉంది, ధర అందుబాటులో లేదు. రెండోదాంట్లో సత్తా ఉంది, రూపం లేదు.

ఆ రెండు పాఠాలూ 2005 మస్టాంగ్‌కు అక్కరకొచ్చాయి. ఫోర్డ్ డిజైన్ అధిపతి జె.మేస్ 'రెట్రో ఫ్యూచరిజం' అని పిలిచిన పద్ధతిలో, 1960ల చివరి మస్టాంగ్‌ను గుర్తుచేసే సొరచేప ముక్కు, గుండ్రటి హెడ్‌లైట్లు, వెనక మూడేసి నిలువు గీతల దీపాలు పెట్టారు. ఖర్చు తగ్గించేందుకు వెనక పాతకాలపు గట్టి ఇరుసునే ఉంచేశారు. ఆధునికులు ఎగతాళి చేశారు. కానీ ఆ పొదుపు వల్లే ప్రారంభ ధర 20 వేల డాలర్లలోపు నిలిచింది. 2005లో 1.6 లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి. ప్రత్యర్థులకు కళ్లు తిరిగాయి. 2006 జనవరిలో డెట్రాయిట్ ఆటో ప్రదర్శనలో డాడ్జ్ ఛాలెంజర్, షెవర్లే కమారో రెండూ నమూనాలుగా పక్కపక్కనే ప్రత్యక్షమయ్యాయి. ఛాలెంజర్ 2008లో, కమారో 2009లో రోడ్డెక్కాయి. మధ్యలో 2007లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమా కొత్త కమారోను బంబుల్‌బీ అనే పసుపుపచ్చ రోబోగా చూపించి, అది అమ్మకానికి రాకముందే పదేళ్ల పిల్లలకు కూడా పరిచయం చేసేసింది. తాతకు జ్ఞాపకం, మనవడికి బొమ్మ. ఒక కారుకు ఇంతకంటే పెద్ద మార్కెట్ ఉండదు.

అచ్చమైన అమెరికన్, అక్కడా ఇక్కడా

జెండా రంగుల ప్రకటనలతో అమ్మిన ఈ కార్ల జాతకం విప్పితే ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి. 1970 నాటి ఛాలెంజర్ డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్‌లో, డాడ్జ్ మెయిన్ అనే మహా కర్మాగారంలో తయారైంది. 2008 నాటి ఛాలెంజర్ తయారైంది కెనడాలోని బ్రాంప్టన్‌లో. దాని అస్థిపంజరంలో మెర్సిడెస్ భాగాల వారసత్వం ఉంది, క్రైస్లర్ డైమ్లర్ చేతిలో ఉన్ననాటి కట్నం అది. కొత్త కమారో అస్థిపంజరం ఆస్ట్రేలియాలో హోల్డెన్ ఇంజనీర్లు రూపొందించినది, తయారీ కెనడాలోని ఓషావాలో. నమూనా కారు గీతల వెనక కొరియాలో పుట్టిన డిజైనర్ సాంగ్యప్ లీ చెయ్యుంది. మస్టాంగ్ ఒక్కటే మిషిగన్ గడ్డ మీద, ఫ్లాట్ రాక్‌లో పుట్టింది. అయితే అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో జపాన్ కంపెనీ మాజ్దాకు వాటా ఉండేది.

2005 మస్టాంగ్ ప్రధాన ఇంజనీరు హవ్ థాయ్-టాంగ్ కథ వీటన్నిటికంటే విశేషమైనది. ఆయన సైగాన్‌లో పుట్టారు. యుద్ధకాలంలో అమెరికన్ సైనికుల వినోదం కోసం అక్కడికి తెచ్చిన మస్టాంగ్‌ను చిన్నతనంలో చూశారు. 1975లో సైగాన్ పతనంతో కుటుంబంతోపాటు అమెరికా చేరారు. ఇందులో మరో చమత్కారం ఉంది. మొదటి మస్టాంగ్‌కు అస్థిపంజరాన్నిచ్చిన ఫాల్కన్ కారు ఫోర్డ్‌లో రాబర్ట్ మెక్‌నమారా హయాం నాటిది. ఆయనే 1961లో రక్షణ మంత్రి అయి వియత్నాం యుద్ధాన్ని నడిపించారు. ఆ యుద్ధం ఊరు విడిపించిన పిల్లవాడే పెద్దయ్యాక ఆ కారుకు పునర్జన్మనిచ్చాడు. అచ్చమైన అమెరికన్ వస్తువు అనేది ఏదైనా ఉంటే అది ఇలాగే తయారవుతుంది. ప్రకటనల్లో మాత్రం ఈ కథ కంటే ఎడారి రోడ్డు, ఎగిరే దుమ్మే ఎక్కువగా కనిపిస్తాయి.

భారత్‌కు కూడా ఈ కథలో చిన్న పాత్ర ఉంది. 2015 మోడల్ నుంచి మస్టాంగ్‌ను కుడివైపు స్టీరింగ్‌తోనూ తయారుచేసి ప్రపంచమంతా అమ్మడం మొదలైంది. 2016 జూలైలో ఢిల్లీ షోరూము ధర 65 లక్షల రూపాయలుగా అది ఇక్కడికొచ్చింది. అమెరికాలో అదే వీ8 మోడల్ ప్రారంభ ధరకు దాదాపు మూడింతలు. అక్కడ మెకానిక్ కొడుకు కోసం పుట్టిన కారు ఇక్కడ దిగుమతి సుంకాల పుణ్యమా అని కోటీశ్వరుల బొమ్మయింది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. అప్పుడు కూడా, దిగుమతి చేసి అమ్ముతామని చెప్పిన కార్ల జాబితాలో మస్టాంగ్ పేరుంది. వేలమంది కార్మికులతో నడిచిన ఫ్యాక్టరీ కంటే ఒక పేరు బరువైనదని కంపెనీలకు తెలుసు.

గర్జనకు వెల

పునరాగమనం మొదటి అంకం రూపం గురించైతే రెండో అంకం శక్తి గురించి. కంప్యూటర్లు ఇంజన్ల తీరును మార్చేశాయి. ఇంధనం ఎంత, ఎప్పుడు చిమ్మాలో క్షణక్షణం లెక్కగట్టే వ్యవస్థలు, పొగను శుద్ధిచేసే కన్వర్టర్లు రావడంతో శక్తి, శుభ్రత ఒకదానికొకటి శత్రువులు కాకుండా పోయాయి. 1974లో నూరు గుర్రాలను లాగలేకపోయిన 2.3 లీటర్ల పరిమాణంలోనే, టర్బో సాయంతో 2015 మస్టాంగ్‌లో 310 హార్స్‌పవర్ వచ్చింది. అయితే ఆ నాలుగు సిలిండర్ల ఇంజన్ శబ్దం మస్టాంగ్ హోదాకు తగినట్టు లేదని స్పీకర్ల ద్వారా గర్జనను కారు లోపలికి కలిపారు. నిజమైన గుర్రానికి రికార్డు చేసిన సకిలింపు!

డాడ్జ్ ఇంకా ముందుకెళ్లింది. 2015 మోడల్‌గా 707 హార్స్‌పవర్ ఛాలెంజర్ హెల్‌క్యాట్, 2018లో 840 హార్స్‌పవర్ డీమన్, చివరగా 2023లో ప్రత్యేక ఇంధనం మీద 1,025 హార్స్‌పవర్ ఇచ్చే డీమన్ 170. ఇవన్నీ షోరూములో కొని, నంబరు ప్లేటు తగిలించుకుని కూరగాయల మార్కెట్టుకు వెళ్లగలిగిన కార్లు. ఒబామా లక్ష్యాల కాలంలో ఇదెలా సాధ్యమైంది? ప్రమాణాలు కంపెనీ మొత్తం సగటుకు వర్తిస్తాయి. సగటు తప్పితే జరిమానా కట్టొచ్చు, లేదంటే మిగులున్న కంపెనీ నుంచి క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఫియట్ క్రైస్లర్ రెండూ చేసింది. క్రెడిట్లు అమ్మినవారిలో టెస్లా ఒకటి. పెట్రోలు తాగే రాక్షసి కారు కొన్నవారి డబ్బు, పరోక్షంగానైనా, విద్యుత్ కార్ల కంపెనీకి చేరింది. ప్రభుత్వ విధానాలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో చెప్పే పాఠ్యపుస్తకాల్లో చేర్చదగ్గ ఉదాహరణ ఇది.

ఈ గర్జనకు వెల చెల్లించినవారు వేరే ఉన్నారు. అమెరికాలో బీమా నష్టాలను లెక్కించే హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2023లో ఒక నివేదిక విడుదల చేసింది. 2020-22 మోడళ్లలో ఛార్జర్ హెల్‌క్యాట్ దొంగతనం క్లెయిములు సగటు కారుకంటే 60 రెట్లకు పైగా ఉన్నాయని తేల్చింది. అదే ఏడాది దాని సోదర సంస్థ 2020 మోడళ్లలో డ్రైవర్ల మరణాల రేటు లెక్కించింది. అత్యంత ప్రమాదకరమైన వాహనాల జాబితాలో చిన్న కార్లతోపాటు మజిల్ కార్లు ప్రముఖంగా కనిపించాయి. సైజు చిన్నదవడం వల్ల చిన్న కార్లు జాబితాకెక్కాయి. మజిల్ కార్ల విషయంలో ఆ సాకు లేదు. మనిషి కాలికి అందే శక్తి పెరిగినంతగా మనిషి నిగ్రహం పెరగదన్న సంగతి 1960ల చివర్లో బీమా కంపెనీలు కనిపెట్టిందే.

మెరుగైన కారు ఓడిపోయింది

మార్కెట్ చెప్పిన తీర్పు కూడా గమనించదగ్గదే. 2015 చివర్లో వచ్చిన ఆరో తరం కమారోకు క్యాడిలాక్ అస్థిపంజరం దక్కింది. తయారీ కూడా కెనడా నుంచి మిషిగన్‌లోని లాన్సింగ్‌కు తిరిగొచ్చింది. తేలిక, మలుపుల్లో ఒడుపు, అన్నిటా నిపుణుల మెప్పు. అయినా అమ్మకాలు ఏటేటా పడిపోయాయి. 2008 నుంచి పెద్దగా ఒళ్లు మార్చుకోని, బరువైన ఛాలెంజర్ మాత్రం దాన్ని దాటిపోయింది. 2021లో మస్టాంగ్‌ను కూడా దాటింది. జ్ఞాపకం కొనడానికి వచ్చినవాడు ఇంజనీరింగ్ చూడడు. తన యవ్వనంలో చూసిన కారుకు ఏది దగ్గరగా ఉందో అదే చూస్తాడు. వెనక సీట్లో నలుగురు సర్దుకుని కూర్చుంటే ఇంకా మంచిది.

కానీ జ్ఞాపకం తరిగిపోయే గని. 1946లో పుట్టినవారికి ఇప్పుడు 80 ఏళ్లు. అమెరికాలో 1983లో 16 ఏళ్లవారిలో దాదాపు సగం మందికి డ్రైవింగ్ లైసెన్సు ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో అది పావు వంతుకు దిగింది. ఫోర్డ్ 2018లో ఉత్తర అమెరికాలో సెడాన్లకు మంగళం పాడింది. సాధారణ కార్లలో అక్కడ అది మిగుల్చుకున్నది మస్టాంగ్ ఒక్కటే. బ్రాంప్టన్‌లో ఛాలెంజర్ ఉత్పత్తి 2023 డిసెంబర్‌లో ఆగింది. కమారో కూడా అదే నెలలో రెండోసారి కన్నుమూసింది. పోటీ లేని మైదానంలో ఒంటరిగా నిలిచిన మస్టాంగ్ 2024లో అమెరికాలో అమ్ముడైంది సుమారు 44 వేలు. 1966 లెక్కతో పోలిస్తే పదో వంతు కూడా కాదు.

విద్యుత్ యుగంలోకి ఈ పేర్లను మోసుకెళ్లే ప్రయత్నాలూ జరిగాయి. 2019లో ఫోర్డ్ నాలుగు తలుపుల విద్యుత్ ఎస్‌యూవీకి మస్టాంగ్ మాక్-ఈ అని పేరు పెడితే అభిమానులు భగ్గుమన్నారు. 2024లో డాడ్జ్ విద్యుత్ ఛార్జర్ డేటోనాను తెచ్చింది. వెనక గొట్టాల్లాంటి గదులు, స్పీకర్లు అమర్చి కృత్రిమ గర్జన పుట్టించింది. కొనేవాళ్లు కరవయ్యారు. అదే ఒంట్లో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ పెట్టిన సిక్స్‌ప్యాక్‌ను కంపెనీ 2025లో ఆవిష్కరించింది. ఆ ఏడాది వాషింగ్టన్‌లో గాలి కూడా మారింది. ఇంధన ప్రమాణాలు తప్పితే కట్టాల్సిన జరిమానాను జూలైలో వచ్చిన చట్టం సున్నా చేసింది. విద్యుత్ కార్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబర్ 30తో ముగిసింది. పెద్ద ఇంజన్లకు ప్రభుత్వం నుంచి ఉన్న అడ్డంకులు దాదాపు తొలగినట్టే. ఇక మిగిలినవి పెట్రోలు ధర, కొనేవాడి జేబు, వేడెక్కుతున్న వాతావరణం. వీటిని చట్టంతో సున్నా చేయడం కుదరదు.

ఏది తిరిగి రాలేదు?

'తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అని సామెత. అమెరికా రాజకీయాల్లో గత దశాబ్దంగా నడుస్తున్నది ఈ నేతి కథే. ఒకప్పటి గొప్పతనాన్ని తిరిగి తెస్తామన్న నినాదం రెండుసార్లు ఒకే వ్యక్తికి అధ్యక్ష పదవి సంపాదించిపెట్టింది. మజిల్ కారు ఆ నినాదానికి చక్రాలు తొడిగిన రూపంలా కనిపిస్తుంది. అందుకే దాని పునరాగమనంలో ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు అని లెక్క చూడటం అవసరం.

1964లో 2,368 డాలర్లంటే నేటి విలువలో సుమారు 24 వేలు. నేటి మస్టాంగ్ ప్రారంభ ధర 30 వేలు దాటింది. వీ8 కావాలంటే ఇంకా పైకి పోవాలి. ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడు తాను బిగించిన కారును తానే కొనుక్కునేవాడు, వారాంతంలో తానే విప్పి రిపేరు చేసుకునేవాడు. ఆ స్థోమత, ఆ ఉద్యోగ భద్రత, స్పానరుతో సరిపోయే ఆ సరళత కలిసే మజిల్ కారు సంస్కృతి పుట్టింది. తిరిగొచ్చింది గీతలు, పేర్లు, శబ్దం. ఆ శబ్దంలోనూ కొంత స్పీకర్ల నుంచే.

ఇక ఉద్యోగాల సంగతికొస్తే, బ్రాంప్టన్ సంగతే చూడండి. పదిహేనేళ్లు అమెరికా జ్ఞాపకాలను బిగించి పంపిన సుమారు 3 వేల మంది కెనడా కార్మికులు ఛాలెంజర్ ఆగిపోయాక కొత్త జీప్ కంపాస్ కోసం ఎదురుచూశారు. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. అక్టోబర్‌లో యాజమాన్య సంస్థ స్టెల్లాంటిస్ ఆ జీప్ తయారీని అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం బెల్విడియర్‌కు తరలిస్తామని ప్రకటించింది. ఇల్లినాయిస్ కార్మికులకు అది నిజమైన శుభవార్త. వాళ్ల ఫ్యాక్టరీ 2023 నుంచి ఖాళీగా ఉంది. కానీ ఒక ఊరు గెలవడానికి మరో ఊరు ఓడాల్సొచ్చింది. ఇంతా చేసి, సిక్స్‌ప్యాక్ ఛార్జర్‌కు నిర్ణయించిన తయారీ కేంద్రం కెనడాలోని విండ్సరే. డెట్రాయిట్ నది అవతలి ఒడ్డున ఉందది. ఇవతలి ఒడ్డున, హామ్‌ట్రామిక్‌లో మొదటి ఛాలెంజర్ పుట్టిన డాడ్జ్ మెయిన్ 1980లో మూతపడింది. దాన్ని కూల్చేసి, పక్కనున్న పోల్‌టౌన్ ఇళ్లను కూడా ఖాళీ చేయించి, అక్కడ జీఎం మరో ఫ్యాక్టరీ కట్టింది. ఈనాడు ఆ స్థలంలో తయారవుతున్నవి విద్యుత్ వాహనాలు.